క్యాలెండర్ మీద డిగ్రీలు చూసి ఇల్లు అమ్ముకోవచ్చా?

ప్రశ్న

పేరు వేయవద్దని కోరుతూ హైదరాబాద్ మల్కాజిగిరి నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆవిడకి 57 ఏళ్లు, పుట్టిల్లు నల్లగొండ వైపు. భర్త ఈ జూన్‌లో రిటైరవుతున్నారు. ఆయనది భీమిలి. ఇరవయ్యో ఏట ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఫ్లాటు వీళ్లది. వెయ్యి చదరపు అడుగులు, పడకగది పడమటి వైపు. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండు దాటినా స్లాబు వేడి దిగదు. ఫ్యాను వేస్తే పైనుంచి సెగే.

నిరుటి వేసవి నుంచి ఆయన ఒక పని పెట్టుకున్నారు. టీవీలో చెప్పే హైదరాబాద్ ఉష్ణోగ్రతను ఎర్రసిరాతో, విశాఖ ఉష్ణోగ్రతను నీలం సిరాతో వంటింటి క్యాలెండర్‌లో రోజూ రాస్తున్నారు. 41, 34. 42, 35. మే నెల పేజీ ఇప్పటికీ చింపలేదట, సాక్ష్యంగా ఉంచారట. ఈ ఫ్లాటు అమ్మేసి విశాఖలో కొనుక్కుందామని ఆయన పట్టు. కొనేవాళ్లు కూడా దొరికారు. ఉగాదిలోపు ఏ సంగతో చెప్పమంటున్నారు.

ఈవిడ బాధ వేరు. “పెళ్లయిన కొత్తలో ఎండాకాలం అత్తగారింటికి వెళ్లినప్పుడల్లా ఒళ్లంతా చెమటకాయలు. రాత్రి చీర పిండితే నీళ్లొచ్చేవి. ముప్ఫై నాలుగు డిగ్రీలు చల్లదనమైతే నాకెందుకు ఊపిరాడదండీ?” అని అడుగుతున్నారు. మరిదిగారు, “రెండూ పదిహేడు డిగ్రీల అక్షాంశమే, సూర్యుడు ఒక్కడే, తేడా అంతా వదిన మనసులో ఉంది” అంటున్నారు. అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి, “హైదరాబాద్ కాలిపోతుంది, విశాఖ మునిగిపోతుంది, ఎక్కడా కొనొద్దు” అంటున్నాడు. చివర్లో ఆవిడ అడిగింది ఒక్క మాట: “నేను మొండికేస్తున్నానా, లేక నా ఒంటికి తెలిసింది వీళ్ల లెక్కకి తెలియట్లేదా?”

సమాధానం

అమ్మా, మీరు మొండికేయడం లేదు. మీవారు రాసిన అంకెలూ అబద్ధం కాదు. చిక్కేమిటంటే, ఆ క్యాలెండర్‌లో రాయాల్సిన రెండో అంకె ఒకటుంది. అది టీవీలో చెప్పరు. దాని దగ్గరికి వచ్చే ముందు మరిదిగారి మాట తేల్చేద్దాం, ఎందుకంటే ఆయన చెప్పింది సగం నిజం, సగం నిజమే ఎక్కువ తగువు పెడుతుంది.

సూర్యుడి వరకూ ఆయన లెక్క సరైనదే. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తరాన ఉంది, విశాఖ 17.7. రెండు చోట్లా ఎండ ఒకే కోణంలో పడుతుంది. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకి, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో 12 గంటల 22 నిమిషాలకి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మేడ మీద నీళ్ల సీసా నిలబెడితే దాని నీడ దాని కిందే ఉండిపోతుంది. విశాఖలో ఇదే సంగతి మేలో ఒకరోజు అటూ ఇటుగా జరుగుతుంది, కాకపోతే ఊరు తూర్పున ఉంది కాబట్టి గడియారంలో ఇరవై నిమిషాల ముందు. సూర్యుడు పెట్టే పెట్టుబడి రెండు ఊళ్లకీ సమానమే. ఆ వేడిని ఏ ఊరు ఎలా ఖర్చుపెడుతుందన్న దగ్గరే దారులు చీలతాయి. ఆ ఖర్చు చూసేవి గాలి, సముద్రం.

అక్షాంశం ఒకటైతే వాతావరణం ఒకటే అన్న మాటకి దక్షిణ అమెరికా మంచి జవాబు. పెరూ రాజధాని లిమా 12 డిగ్రీల దక్షిణాన పసిఫిక్ ఒడ్డున ఉంది. బ్రెజిల్‌లో సాల్వడార్ 13 డిగ్రీల దక్షిణాన అట్లాంటిక్ ఒడ్డున ఉంది. దాదాపు ఒకే గీత మీద ఉన్న రెండు ఊళ్లు, రెండూ సముద్రపు ఒడ్డునే. లిమా పక్కగా దక్షిణం నుంచి హంబోల్ట్ అనే చల్లటి ప్రవాహం పారుతుంది. లోతు నుంచి చన్నీళ్లు పైకి వస్తుంటాయి. అందువల్ల అక్కడ ఏడాది సగటు 19 డిగ్రీల దరిదాపు, వాన అన్నది దాదాపు లేదు. నెలల తరబడి పొగమంచు మబ్బు కమ్ముకుని ఉంటుంది కానీ సన్నటి తుంపర తప్ప వాన పడదు. సాల్వడార్ పక్కన భూమధ్యరేఖ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం. సగటు 25 డిగ్రీలు, కుండపోత వానలు. కాబట్టి వదిన మనసులో ఉందన్న తేడా సముద్రపు నీళ్లలో ఉందని మరిదిగారికి చెప్పండి.

సముద్రం ఒడ్డున ఉంటే చాలు అనుకోవడం కూడా పొరపాటే, ఇది మీవారి కోసం. ఫ్రాన్స్‌లో మార్సెయ్, రష్యాలో వ్లాడివోస్టోక్, రెండూ 43 డిగ్రీల ఉత్తరానే ఉన్న రేవులు. జనవరి సగటు మార్సెయ్‌లో సున్నాకి పైన ఏడెనిమిది డిగ్రీలు, వ్లాడివోస్టోక్‌లో సున్నాకి కింద పన్నెండు. చలికాలంలో అక్కడ గాలి సముద్రం నుంచి రాదు, సైబీరియా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ముంగిట్లో ఉన్న సముద్రం ఎవరికీ పనికిరాకుండా పోతుంది. గాలి ఎటు నుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న. విశాఖ విషయంలో ఇది ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు మన ఊరు. మార్చి నుంచి జూన్ మొదటి దాకా హైదరాబాద్‌కి వచ్చే గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి, ఎండిన నేల మీంచి వస్తుంది. నేల ఇట్టే వేడెక్కుతుంది. కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే శక్తితో కిలో ఎండుమట్టిని నాలుగైదు డిగ్రీలు వేడి చేయొచ్చు. పైగా నీళ్లలో ఎండ లోతుకి దిగుతుంది, అలలు కలియబెడతాయి. నేల మీద ఎండ అంతా పై పొరలోనే ఉండిపోతుంది. అందుకే మేలో ఇక్కడ పగలు సగటున 39, చెడ్డ రోజుల్లో 42, 43. ఈ ఊళ్లో నమోదైన గరిష్ఠం 1966 జూన్ 2న 45.5. రోహిణి కార్తె నడుమన వచ్చిన రోజది. రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. కార్తెలు సూర్యుడి నడకని బట్టి లెక్కగట్టినవి కాబట్టి తిథుల్లా ముందుకీ వెనక్కీ జరగవు. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీలకే వస్తుంది, నైరుతి గాలి కూడా ఇంచుమించు అదే వారంలో ఇక్కడికి చేరుతుంది.

విశాఖలో ఏం జరుగుతుంది? మేలో బంగాళాఖాతం పైనీళ్లు 29, 30 డిగ్రీలుంటాయి. నేల దానికన్నా వేడెక్కగానే నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ జాగాలోకి సముద్రపు గాలి వస్తుంది. పొద్దున పది, పదకొండుకి మొదలై సాయంత్రం దాకా వీస్తుంది. ఈ గాలే విశాఖ ఉష్ణోగ్రతకి మూత పెట్టి 34, 35 దగ్గర ఆపుతుంది. మీవారి నీలం సిరా అంకెలన్నీ ఆ మూత చలవే. అయితే ఆ గాలి ఉత్తచేతులతో రాదు, నీళ్లు మోసుకొస్తుంది.

ఎంత నీళ్లో చూడండి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గది తీసుకోండి, మీ పడకగది అంతే ఉండొచ్చు. మే మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుంటే, ఆ గదిలో గాలి మోస్తున్న నీరంతా పిండితే మూడువందల యాభై గ్రాములు. ఒకటిన్నర గ్లాసు. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే అదే గదిలో తొమ్మిదివందల గ్రాములు. లీటరుకి కాస్త తక్కువ. అప్పటికే అంత నీళ్లు తాగి ఉన్న గాలి మీ చెమట ఎందుకు తాగుతుంది? లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడిని లాక్కుపోతుంది. ఆరకుండా కారిపోతే ఏమీ లాక్కుపోదు, చీర తడుస్తుంది, చెమటకాయలు లేస్తాయి. మీ ఒంటికి తెలిసింది ఇదే.

టీవీలో చెప్పని ఆ రెండో అంకె తడి ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ ఆరుతూ ఎంతవరకు చల్లబడగలదో చెప్పే అంకె. ఇంట్లోనే కొలవొచ్చు. ప్రయోగశాల సామాన్లు అమ్మే కొట్లలో 0 నుంచి 100 డిగ్రీల గాజు థర్మామీటర్లు రెండు కొనండి. జ్వరం చూసుకునేది పనికిరాదు. రెండూ పక్కపక్కన పది నిమిషాలు పెట్టి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో ముందు చూసుకోండి. ఒకదాని గుండుకి పాత నూలు పంచె ముక్క రెండు చుట్లు చుట్టి దారంతో కట్టండి. గుడ్డ కొస కింద గిన్నెలోని నీళ్లలో మునిగి ఉండాలి. గుండు మాత్రం నీళ్లకి రెండంగుళాల పైన ఉండాలి. గుండే మునిగితే నీళ్ల వేడి చూపిస్తుంది, అక్కడే చాలామంది పొరబడతారు. గిన్నెలో నీళ్లు మేడ మీది ట్యాంకువి కాకుండా బిందెలో నిలవ ఉన్నవి పోయండి. ఫ్యాను గాలి నేరుగా తగిలేలా పెట్టి పది నిమిషాలయ్యాక రెండూ చదవండి. పైన చెప్పిన లెక్కతో హైదరాబాద్‌లో పొడిది 40, తడిది సుమారు 23 వస్తుంది. విశాఖలో పొడిది 34, తడిది సుమారు 29. నీలం సిరా, ఎర్రసిరా తారుమారైనట్టే కదా! వాతావరణ శాఖ కూడా వడగాడ్పుల హెచ్చరికకి మైదానాల్లో 40 డిగ్రీలు హద్దు పెట్టుకుని, కోస్తాలో 37కే పెట్టుకుంది. అక్కడి 37 ఇక్కడి 37 లాంటిది కాదని ప్రభుత్వ లెక్కలోనే ఉంది.

దీన్ని పట్టుకుని మీవారి మీద గెలిచేశానని అనుకోకండి. పొడి ఎండ మోసగత్తె. చెమట పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోతోందో తెలియదు. ఉక్కపోత మనిషిని వేధిస్తుంది, వడదెబ్బ మనిషిని తీసుకుపోతుంది. 2015 మేలో తెలంగాణ, ఆంధ్రలో ఎండలకి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇద్దరికీ అరవై దగ్గరపడుతోంది కాబట్టి, గదిలో 40 దాటినప్పుడు ఉత్త ఫ్యాను కింద కూర్చోవద్దు, అది వేడిగాలినే ఒంటి మీదకి తోస్తుంది. తడిబట్టతో చేతులు, మెడ తుడుచుకుంటూ ఫ్యాను వేసుకోండి. దాహం వేయకపోయినా గంటకో గ్లాసు, ఉప్పు వేసిన మజ్జిగైతే ఇంకా మంచిది. బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడుతుంటే నీరు, ఉప్పు ఎంతన్నది డాక్టరునే అడగండి.

గాలి ఎటు నుంచి వస్తోందన్న సంగతి చెబుతానన్నాను కదా. కొన్ని రోజులు పడమటి వడగాలి బలంగా ఉండి సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే తొక్కిపెడుతుంది. సముద్రపు గాలి పదకొండుకి రావాల్సింది రెండుకి, మూడుకి వస్తుంది. ఆ మూడు నాలుగు గంటల్లో కోస్తాలో పాదరసం నలభై దాటిపోతుంది, తేమ కొంత ఉండగానే. మీవారి క్యాలెండర్‌లో నీలం సిరాతో 40 ఉన్న రోజులు రెండో మూడో ఉండే ఉంటాయి, వెతకమనండి.

ఇక రాత్రి. పొడిగాలి గుండా నేల వేడి ఆకాశంలోకి జారిపోతుంది, తేమ గాలి దుప్పటిలా పట్టి ఉంచుతుంది. దీనికి తోడు మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే మేలో హైదరాబాద్ 40 నుంచి తెల్లారేసరికి 26కి దిగుతుంది, విశాఖ 34 నుంచి 28 దగ్గరే ఆగిపోతుంది. మరి మీ పడకగది ఎందుకు దిగట్లేదు? అమ్మా, ఉత్తరమంతా చదివాక నాకు ముఖ్యంగా కనిపించింది ఇదే: మీరిద్దరూ ఊరి మీద వేస్తున్న నేరంలో చాలాభాగం స్లాబుది.

మే మధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండ వెయ్యి వాట్లకి కాస్త తక్కువ. మీ వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద లెక్కగడితే, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు ఎనభై పైచిలుకు ఒకేసారి బోర్లించినట్టు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు గోడల మీద ఎండ పడదు, మొత్తం కప్పే తింటుంది. కాంక్రీటు పై మొహం అరవై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి కింది మొహానికి చేరేసరికి సాయంత్రమవుతుంది, అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా మీ మంచం మీదకి దిగుతూనే ఉంటుంది. బయట మేడ మీద గాలి 30కి వచ్చినా లోపల 35 ఉండేది అందుకే. టీవీ అంకె మీ గదిది కాదు, తెల్లరంగు వేసిన చెక్క పెట్టెలో, నీడన, నేలకి నాలుగడుగుల పైన కొలిచింది. విశాఖలో కూడా పై అంతస్తు, పడమటి గది కొన్నారనుకోండి, అదే సూర్యుడు, అదే స్లాబు, పైగా తేమ.

అందుకని మొదటి దారి, ఉన్నచోటే ఉండి ఇంటిని బాగుచేసుకోవడం. అమ్మాలన్నా ఇది చేసి అమ్మితే నష్టం లేదు. ఫిబ్రవరి, మార్చిలోనే చేయాలి. ముందు మేడ మీది పగుళ్లు పూడ్చి, నాచు, దుమ్ము గీకి కడిగించి, రెండు రోజులు ఆరనిచ్చి, తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు చేతులు వేయించండి. రెండో చేయి మొదటిదానికి అడ్డంగా పోవాలి. డబ్బా మీద ఎస్సార్‌ఐ అనే అంకె ఉంటుంది, ఎండని ఎంత బాగా తిప్పికొడుతుందో చెప్పేది, వందకి పైన ఉన్నది అడగండి. ఖర్చు తగ్గాలంటే సున్నం కొట్టించొచ్చు కానీ రెండు వానలకి కారిపోతుంది, ఏటా వేయాలి. ఏది వేసినా మన దుమ్ముకి నెల తిరిగేసరికి బూడిదరంగు తేలుతుంది, ఏప్రిల్, మేలో పక్షానికోసారి కడగకపోతే సగం గుణం పోతుంది. నల్లటి వాటర్‌ప్రూఫ్ షీటు వేయిస్తామని ఎవరైనా వస్తే వద్దనండి. మేడ అందరిదీ కాబట్టి అసోసియేషన్ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోండి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ఆ మాట చెబితే కాస్త తేలిగ్గా ఒప్పుకుంటారు.

పడమటి కిటికీకి సన్‌షేడ్ ఉంది కదా అనుకుంటారు. మేలో సాయంత్రం నాలుగున్నరకి సూర్యుడు దిగంతానికి 29 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అడుగున్నర సన్‌షేడ్ నీడ గోడ మీద పది అంగుళాలు దిగుతుంది, అంతే. నాలుగడుగుల కిటికీలో మిగతా మూడడుగులూ ఎండే. లోపలి కర్టెన్ ఆలస్యంగా వచ్చిన పోలీసు లాంటిది, వేడి గాజు దాటి లోపలికొచ్చాక పట్టుకుంటుంది. అడ్డం బయట ఉండాలి: వెదురు తెర, వట్టివేళ్ల తడిక, లేదా గ్రీన్ నెట్, గోడకి నాలుగంగుళాల ఎడంగా. ఇంకోటి, మే, జూన్‌లలో సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించడు, ఇరవై డిగ్రీలకి పైనే ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి కూడా ఎండ వస్తుంటే ఆశ్చర్యపోకండి, దానికీ తడిక కట్టండి. డిసెంబరులో లెక్క తిరగబడుతుంది. అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తునే దక్షిణాన ఉంటాడు, దక్షిణపు గోడ వెచ్చగా ఉంటుంది, అది చలికి మంచిదే.

కూలర్ ఉందో లేదో మీరు రాయలేదు. హైదరాబాద్ మే నెలకి అంతకన్నా చవకైన సుఖం లేదు: 40 డిగ్రీల పొడిగాలిని 28, 29 చేసి లోపలికి పంపుతుంది. కిటికీకి బయటి గాలి పీల్చేలా పెట్టి, ఎదుటి వైపు తలుపో కిటికీయో జానెడు తెరవాలి. గది మూసి వేస్తే గంటలో గది విశాఖ అవుతుంది, ఆ తర్వాత కూలర్ పనికిరాదని తిడతారు. మీ రెండు థర్మామీటర్ల మధ్య తేడా పది దాటితే కూలర్ పనిచేస్తుంది, ఐదుకి తగ్గితే కట్టేయండి. జూన్ రెండో వారం నుంచి ఇక్కడా అంతే. విశాఖలో ఏ కాలంలోనూ దాని మీద ఆశ పెట్టుకోవద్దు, అక్కడ రాత్రి నిద్రకి ఏసీయే దిక్కు.

ఇవన్నీ చేస్తే పడకగది మారుతుంది, ఊరు మారదు. మధ్యాహ్నం కూరగాయలకి వెళితే అదే ఎండ. ఈ దారిలో మీవారికి సముద్రం దక్కదన్నది కూడా నిజం.

రెండో దారి, అమ్మకుండా వెళ్లి చూడటం. కొనేవాళ్లని జూన్ దాకా ఆగమనండి. ఆగకపోవచ్చు, ఈ బేరం పోవచ్చు, అది దీని ఖరీదు. మీవారు సెలవు పెట్టుకుని, విశాఖలో మే 1 నుంచి జూన్ 15 దాకా అద్దెకి ఉండండి. డిసెంబరు, జనవరిలో వెళ్లి చూసి రావద్దు. ఆ నెలల్లో విశాఖ ఎవరికైనా నచ్చుతుంది, అప్పుడు నిర్ణయించుకుని మేలో ఏడ్చేవాళ్లు ఎక్కువ. వీలైతే అక్టోబరులో ఓ మూడు వారాలు కూడా. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి మంచినీళ్లు బంగాళాఖాతం మీద తేలికైన పొరలా పరుచుకుని, కింది చన్నీళ్లతో కలవకుండా అడ్డుపడతాయి. అందుకే వానలు వెళ్లాక కూడా ఆ సముద్రం వెచ్చగానే ఉంటుంది, తుపాన్లకి ఆ వేడే మేత. అరేబియా సముద్రం అలా కాదు, నైరుతి గాలి సోమాలియా ఒడ్డున లోపలి చన్నీళ్లని పైకి తోడి దాన్ని చల్లబరుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదకే వచ్చింది. మన ఊరికీ ఆ సముద్రం బాకీ ఉంచదనుకోండి: 2020 అక్టోబరు 13న ఇక్కడ కాలనీలు మునిగింది కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం వల్లే.

అద్దె ఇల్లు చూసేటప్పుడు కొండ ఎటుందో చూడండి. మహాబలేశ్వరం కూడా మన అక్షాంశమే, 17.9. పడమటి కనుమల శిఖరం మీద ఉండి ఏటా ఐదు వేల మిల్లీమీటర్లకి పైగా వాన మొత్తం పిండుకుంటుంది. కనుమల ఇవతల ఉన్న మనకి మిగిలేది ఎనిమిది వందల చిల్లర. గాలి విషయంలో విశాఖ కొండలూ చిన్న ఎత్తున అదే పని చేస్తాయి. కొండకి సముద్రం వైపు ఉన్న వీధికి గాలి, వెనక వీధికి ఉక్క. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, కిటికీలన్నీ తెరిపించి, గుమ్మానికి ఓ దారప్పోగు కట్టి ఎగురుతుందో లేదో చూడండి. ఇల్లు పై అంతస్తు కాకూడదు, పడకగది పడమర కాకూడదు.

మూడో దారి, చలికాలం అక్కడ, మిగతా కాలం ఇక్కడ. వినడానికి ఇదే అన్నిటికన్నా బాగుంటుంది. డిసెంబరు రాత్రులు ఇక్కడ 15, అక్కడ 19, 20, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి హాయి. కానీ రెండు ఇళ్ల మెయింటెనెన్సు, రెండు చోట్ల గ్యాసు, పాలు, డాక్టరు. ఖాళీగా ఉన్న ఇంట్లో కిటికీ రెక్క ఊడితే చూసేవాళ్లుండరు. ఆరోగ్యం బాగున్న పదేళ్లకి సరిపోయే ఏర్పాటిది, డెబ్బై దాటాక ప్రయాణాలే భారం.

నాలుగోది, అమ్మేసి వెళ్లిపోవడం. వెళ్లాలనే అనుకుంటే, ఏసీ బయటి యూనిట్‌కి ఉప్పుగాలి తట్టుకునే పూత ఉన్న కాయిల్, కిటికీ గ్రిల్స్‌కి 316 రకం స్టీలు అడగండి, మామూలు ఇనుము ఒడ్డు దగ్గర త్వరగా తుప్పు తినేస్తుంది. నచ్చక తిరిగి రావాలంటే అప్పటికి ఇక్కడ ఇదే ధరకి ఇలాంటి ఫ్లాటు దొరకకపోవచ్చు. నాలుగు దారుల్లో వెనక్కి రాలేనిది ఇదొక్కటే, అందుకే చివర పెట్టాను.

అబ్బాయి మాటకి పెద్దగా సమయం పెట్టను. వేడి పెరుగుతోందన్నది నిజం. 1901 నుంచి 2018 లోపు మన దేశపు సగటు 0.7 డిగ్రీలు పెరిగింది, 1951 నుంచి 2015 లోపు హిందూ మహాసముద్రపు పైనీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాయి. దాన్ని బట్టి ఒడ్డుకి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో కొనాలో ఆలోచించుకోవాలి, అసలు కొనకుండా కూర్చోమని అర్థం కాదు. ఎల్ నీన్యో, అంటే పసిఫిక్ నడుమ నీళ్లు మామూలుకన్నా వేడెక్కడం, వచ్చింది కాబట్టి ఈ ఏడు వానలుండవని కూడా అతను అంటాడు. 2002లో, 2009లో అలాగే అయింది. కానీ 1997లో అంత పెద్ద ఎల్ నీన్యో వచ్చినా వానలు మామూలుగానే పడ్డాయి.

ఒక మాట మీవారి తరఫున. భీమిలిలో పుట్టి నలభై ఏళ్లు సముద్రం లేకుండా బతికిన మనిషి, రిటైరవబోతూ క్యాలెండర్ నిండా నీలం సిరాతో అంకెలు వేస్తున్నారంటే, అది డిగ్రీల గొడవేనా అని నాకు అనుమానం. ఊరు కావాలని అడగడానికి మొహమాటపడి చల్లదనం కావాలంటున్నారేమో. మీరే ఓసారి అడిగి చూడండి. డిగ్రీల గొడవే అయితే పైన చెప్పిన పెయింటు, తడికలు, కూలర్‌తో సగం తీరుతుంది. ఊరి మీద బెంగైతే ఎన్ని చేతుల పెయింటు వేసినా తీరదు, రెండో దారో మూడో దారో మాట్లాడుకోవాలి.

విశాఖకి అద్దెకి వెళ్లేట్టయితే ఆ రెండు థర్మామీటర్లూ, పంచె ముక్కా పెట్టెలో పెట్టుకోండి. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి కొలవాలి. ఆ పని ఆయనకే అప్పజెప్పండి, రాయడం ఎలాగూ అలవాటే. తడి అంకెకి మూడో రంగు సిరా కొనివ్వండి.